తడి తగిలితే తొక్కే కాదు, క్రీమూ బూజు పడుతుంది

ఇంటి సైన్స్: టీచరమ్మ జవాబులు

ముప్ఫై ఏళ్లు జిల్లా పరిషత్ బడుల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి, రిటైరై నల్లగొండలో కూర్చున్నదాన్ని. మామూలుగా నాకు వచ్చే ఉత్తరాలు బోరు నీళ్లకు సబ్బు ఎందుకు నురగ రాదు, కుక్కర్ అడుగున తెల్లటి పెచ్చులు ఎందుకు కడతాయి అనే రకం. చలి మొదలైందో లేదో ఈసారి అన్నీ ముఖం గొడవలే. ఒకే ప్రశ్న పదిమంది అడిగిన చోట ఒకరి ఉత్తరమే తీసుకున్నాను. మీ ఉత్తరం కనిపించలేదని అలగకండి.

ప్రశ్న: టీచర్ గారూ, నమస్తే. మా పాప డిగ్రీ ఫైనలియర్. ఫోన్‌లో వీడియో చూసి ఇంట్లోనే క్రీం చేసింది. పెరట్లోని కలబంద గుజ్జు, కొబ్బరి నూనె, రోజ్‌వాటర్, అర చెంచా పసుపు, సగం నిమ్మకాయ రసం మిక్సీలో వేసి తిప్పింది. మొదటి రోజు వెన్నలా ఎంతో బాగుంది. ఐదో రోజుకల్లా కింద నీళ్లు, పైన నూనె. ఒకటే పుల్లటి వాసన. కష్టపడి చేసుకున్నానని పారేయకుండా రాసుకుంది. బుగ్గలు ఎర్రబడి మంట. కాలేజీకి పోనని కూర్చుంది. తప్పు ఎక్కడ జరిగింది? కెమికల్స్ లేకుండా ఇంట్లో క్రీం చేసుకునే పద్ధతి నిజంగా ఉందా? (ఒక తల్లి, మిర్యాలగూడ)

జవాబు: అమ్మా, ముందు పాప సంగతి. ఆ డబ్బా ఇప్పుడే చెత్తలో వేయండి. నాలుగైదు రోజులు ముఖానికి మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు, పసుపు కూడా వద్దు. అప్పటికీ ఎరుపు తగ్గకపోయినా, నీటి పొక్కులు లేచినా చర్మం డాక్టరుకు చూపించండి.

ఇక తప్పు ఎక్కడంటే, మీ ఇంట్లో మామిడికాయ తొక్కు పెడతారు కదా. జాడీ కడిగి ఎండలో పెట్టి, ముక్కలు గుడ్డతో తుడిచి, తడి చెయ్యి పెట్టనివ్వరు. ఏడాదైనా తొక్కు చెడదు. అదే మీరు ఇవాళ నూరిన కొబ్బరి పచ్చడి రేపు సాయంత్రానికి పుల్లబడుతుంది. మీ పాప చేసింది కొబ్బరి పచ్చడి. దాన్ని తొక్కులాగా దాచుకుంది. అంతే జరిగింది.

కలబంద గుజ్జులో దాదాపు అంతా నీరే. రోజ్‌వాటర్ నీరే. నీళ్లు, కాస్త చక్కెర, ఆకు నుంచి వచ్చిన దుమ్ము, మిక్సీ జారులో మిగిలిన నిన్నటి అల్లం వెల్లుల్లి, ఇన్ని ఉంటే సూక్ష్మజీవులకు పెళ్లి భోజనమే. పుల్లటి వాసన వాటి పనే. కొనే క్రీముల్లో ప్రిజర్వేటివ్ వేసేది ఇందుకే. మీరు 'కెమికల్స్' అన్నది బహుశా దాన్నే. అది లేకపోవడం వల్లే మీ క్రీం ఐదో రోజుకు పాడైంది.

నూనె, నీళ్లు విడిపోవడం వేరే సంగతి. చారులో పోపు నూనె పైన తేలుతుంది. గంటెతో తిప్పితే కలిసినట్టు కనిపిస్తుంది. వడ్డించేలోపు మళ్లీ తేలుతుంది. మిక్సీ కూడా గంటె చేసిన పనే గట్టిగా చేసింది. నూనె చుక్కలను నీళ్లలో పట్టి ఉంచే మధ్యవర్తి పదార్థం ఒకటి ఉండాలి. పాతకాలపు కోల్డ్ క్రీముల్లో ఆ పని తేనెమైనం, వెలిగారం కలిసి చేసేవి. కంసాలులు బంగారం అతికేటప్పుడు వాడతారే, ఆ వెలిగారమే. మైనంలోని ఆమ్లాలతో అది కలిసి సబ్బులాంటిది తయారై నూనెనూ నీటినీ పట్టి ఉంచుతుంది. తెలుసుకోవడానికి చెప్పాను కానీ ఇంట్లో వాడమని కాదు. కాస్త ఎక్కువైతే చర్మం మండుతుంది, పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.

నిమ్మరసం గురించి మాత్రం గట్టిగానే చెప్పాలి. మన చర్మం పై పొర కొద్దిగా ఆమ్ల గుణంతో ఉంటుంది, పీహెచ్ (ఆమ్ల గుణాన్ని కొలిచే అంకె, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) ఐదు చుట్టుపక్కల. నిమ్మరసం పీహెచ్ రెండు చుట్టుపక్కల. ఆ స్కేలులో ఒక్క అంకె తేడా అంటే పది రెట్లని తొమ్మిదో తరగతి పిల్లలతో బోర్డు మీద రాయించేదాన్ని. పైగా నిమ్మలో ఉండే కొన్ని పదార్థాలకు ఎండ తగిలితే చర్మం కమిలి, తర్వాత నల్లటి మచ్చలు పడతాయి. తెల్లబడాలని రాసుకున్నది నల్ల మచ్చ పెడుతుంది. వంటసోడాదీ ఇలాంటి గొడవే, కాకపోతే అది క్షారం వైపు.

ఇదంతా పుస్తకం చూసి చెబుతున్నానని అనుకోకండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక డిసెంబరులో నేనూ చేశాను. కలబంద, కొబ్బరి నూనె, రోజ్‌వాటర్. అప్పుడు మా ఇంట్లో మిక్సీ లేదు, మజ్జిగ కవ్వంతో గంటసేపు చిలికాను. తెల్లగా, నురగగా, చూస్తే నాకే ముద్దొచ్చింది. సైన్స్ టీచరునన్న గర్వం ఒకటి. కడిగీ కడగని పాత స్నో డబ్బాలో నింపి సూర్యాపేటలో ఉన్న మా వదినకు బస్సులో పంపాను. తొమ్మిదో రోజు కబురు వచ్చింది: "వదినా, నీ క్రీముకు గడ్డం మొలిచింది." మూత అంచు చుట్టూ నల్లటి నూగు. ఇప్పటికీ ఏ పెళ్లిలో కలిసినా నా గడ్డం చూసి నవ్వుతుంది.

అందుకే ఇప్పుడు నేను చేసుకునేదాంట్లో నీటి చుక్క ఉండదు. క్రీం అనడం కంటే బామ్ అనాలి. నూనె, తేనెమైనం, అంతే. నీళ్లు లేవు కాబట్టి బూజు పట్టదు.

నూనె 50 గ్రాములు, తేనెమైనం 10 గ్రాములు. చెంచాలతో కొలవకండి, తురిమిన మైనం చెంచాలో ఒకసారి ఒకలా పడుతుంది. చిన్న కిచెన్ తూకం ఉంటే మంచిది, లేకపోతే కిరాణా కొట్లో తూయించుకోండి. నూనెకు నేను గానుగ నువ్వుల నూనె వాడతాను. వాసన పడనివారు బాదం నూనె వాడొచ్చు. కొబ్బరి నూనె 25 డిగ్రీల దగ్గరే అటూ ఇటూ అవుతుంది. చలికాలం గడ్డ, ఎండకాలం నీళ్లు. మొటిమలు వచ్చే ముఖాలకు అది చాలామందికి పడదు కూడా. మన దగ్గర ఆముదానికి కొదవ లేదు కానీ ఒట్టి ఆముదం జిగట. 50లో ఐదు గ్రాములు కలిపితే చాలు, పెదవులకు బాగా పట్టుకుంటుంది.

మైనం ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. మన్ననూరు, అమ్రాబాద్ వైపు నల్లమలలో చెంచులు తేనె తీస్తారు. తేనె పిండేశాక మిగిలిన తుట్టె ఒకసారి మాకు తెలిసినవాళ్ల ద్వారా నాకు దొరికింది. నల్లగా, చచ్చిన ఈగలతో, చూస్తే చెత్తే. దాన్ని పాత తపేలాలో నీళ్లు పోసి సన్నటి మంట మీద కాచాను. మైనం కరిగి పైకి తేలింది. పాత చీర ముక్కలో వడకట్టి రాత్రంతా కదపకుండా వదిలేశాను. తెల్లారి చూస్తే నీళ్ల మీద పసుపుపచ్చటి అప్పచ్చి. తీసి తిప్పితే అడుగున మడ్డి అంటుకుని ఉంది. చాకుతో గీకి, మళ్లీ ఒకసారి అలాగే కాచాను. కిలోకు దగ్గరున్న తుట్టెకు నా చేతికి వచ్చింది గుప్పెడు. ఈ పని చేసే ఓపిక లేకపోతే శుభ్రం చేసిన మైనం కొనుక్కోండి. ఒక్కటి చూసుకోండి: కొవ్వొత్తుల మైనం ఎక్కువగా పెట్రోలియం నుంచి వచ్చేది, అది వేరు. తేనెమైనం చేత్తో కాసేపు పిసికితే మెత్తబడి తేనె వాసన వస్తుంది.

పెద్ద గిన్నెలో నీళ్లు మరిగించి, అందులో చిన్న స్టీలు గిన్నె పెట్టి, నూనె, మైనం కలిపి కరిగించండి. తేనెమైనం 62 నుంచి 65 డిగ్రీల మధ్య కరుగుతుంది. మరిగే నీళ్ల వేడి చాలు. నేరుగా మంట మీద మాత్రం పెట్టకండి, అంటుకుంటుంది. అంతా కరిగాక పాకం చూసినట్టే చూడాలి. చల్లటి స్టీలు ప్లేటులో ఒక చుక్క వేసి నిమిషం ఆగి వేలితో నొక్కండి. అరిసెల పాకంలా గట్టిగా తగిలితే చెంచా నూనె, కారిపోతుంటే చిటికెడు మైనం. మే నెలలో మనకు 44, 45 డిగ్రీలు కొడుతుంది కాబట్టి వేసవికి మైనం 12 గ్రాములు చేస్తాను. దించాక ఒక విటమిన్ ఇ గొట్టం మాత్రను సూదితో గుచ్చి పిండొచ్చు. కానీ అది బూజును ఆపుతుందని వీడియోల్లో చెప్పేది నమ్మకండి. నూనె మాగి, పాత పల్లీలు నమిలినప్పుడు వచ్చే వాసన పట్టకుండా కొంతకాలం ఆపుతుంది, అంతవరకే.

గాజు సీసాను నీళ్లలో మరిగించి, ఎండలో పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు పోయండి. గోరువెచ్చగా ఉండగానే మూత పెడితే లోపల చెమట పడుతుంది, మళ్లీ తడి! పూర్తిగా చల్లారాకే మూత. తీసుకునేటప్పుడు పొడి చెంచా. ఇద్దరికి ఈ చలికాలమంతా వస్తుంది.

ఎలా రాయాలన్నది చేయడం కంటే ముఖ్యం. ఈ బామ్ చర్మానికి తేమ ఇవ్వదు, ఉన్న తేమను పోనివ్వదు. పొడి ముఖం మీద రాస్తే జిడ్డు తప్ప ఏమీ మిగలదు. స్నానం చేసి తువ్వాలతో అద్దుకుని, ముఖం ఇంకా చెమ్మగా ఉండగానే కందిగింజంత తీసి అరచేతుల మధ్య కరిగించి అద్దండి. కందిగింజంతే. మొదటిసారి అందరూ నిమ్మకాయంత తీసి, నాకు తిట్లు రాస్తారు. ముందుగా మోచేతి మడత దగ్గర రాసి రెండు రోజులు చూడండి, దద్దుర్లు రాకపోతేనే ముఖానికి. మీ పాపకైతే బుగ్గల ఎరుపు పూర్తిగా పోయేదాకా ఇది కూడా వద్దు.

కాదు, నాకు తెల్లటి మెత్తటి క్రీమే కావాలంటుందా పాప? అప్పుడు నూటికి ఆరు పాళ్లు ఎమల్సిఫయింగ్ వ్యాక్స్ (నూనెనూ నీటినీ పట్టి ఉంచే మధ్యవర్తి మైనం), ఇరవై పాళ్లు నూనె, మిగతాది డిస్టిల్డ్ వాటర్. మన బోరు నీళ్ల ఉప్పులు వద్దు. నూనె గిన్నె, నీళ్ల గిన్నె రెండూ 70 డిగ్రీలకు వచ్చాక కలిపి, చల్లారేదాకా చిలకాలి. ప్రిజర్వేటివ్ లేకుండా చేస్తే ఫ్రిజ్‌లో పెట్టి వారం లోపు అవగొట్టాలి. కాబట్టి చేసేదే ముప్ఫై గ్రాములు చేయమనండి. కలబంద వేయాలనిపిస్తే మట్టను కోసి కాసేపు నిలబెట్టి పసుపు పాలు కారిపోనివ్వాలి. చాలామందికి దురద పుట్టించేది ఆ పాలే. గుజ్జు క్రీములో కలపడం కంటే అప్పటికప్పుడు రాసి కడిగేసుకోవడం నయం.

ప్రశ్న: టీచర్ గారూ, నేను టైలరింగ్ చేస్తాను, 24 ఏళ్లు. పెళ్లి చూపులని మందుల షాపులో అడిగితే ఒక ట్యూబ్ ఇచ్చారు. పదిహేను రోజుల్లో ముఖం తెల్లబడింది. ఎనిమిది నెలలుగా రాస్తున్నా. ఇప్పుడు ఒక రోజు మానేస్తే మంట, ఎరుపు, మొటిమలు. బుగ్గల మీద సన్నటి వెంట్రుకలు కూడా వస్తున్నాయి. దీన్ని మానేసి సహజమైన క్రీం ఏదైనా చేసుకుందామని. (కల్వకుర్తి)

జవాబు: తల్లీ, నీకు ఏ క్రీమూ చెప్పను, నా బామ్ కూడా. నువ్వు రాసిన లక్షణాలన్నీ స్టెరాయిడ్ క్రీం ముఖానికి నెలల తరబడి రాస్తే వచ్చేవే. ట్యూబ్ వెనక చిన్న అక్షరాలు చదువు. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, వీటిలో ఏదైనా ఉందా? వాటితో పాటు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కలిపినవీ వస్తాయి. అవి జబ్బులకు డాక్టరు కొద్ది రోజులకు రాసే మందులు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 స్టెరాయిడ్ పూత మందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే చీటీ లేకుండా ఇవ్వకూడదు. నీకు ఇచ్చారు.

ఇన్నాళ్లు రాసి ఒక్కసారిగా ఆపితే నువ్వు చెప్పిన మంటే వస్తుంది, దాంతో భయపడి మళ్లీ రాస్తారు. అందుకే ఎలా తగ్గించాలో, మధ్యలో ఏం వాడాలో డాక్టరే చెప్పాలి. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో చర్మ విభాగం ఓపీ ఉంటుంది. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ రెండు చోట్లా కాలేజీలున్నాయి, నీకు దగ్గరిది చూసుకో. ట్యూబ్ పారేయకు, వెంట తీసుకుపో. కోలుకోవడానికి నెలలు పట్టొచ్చు, రెండో వారంలోనే టెన్షన్ పడి వెనక్కి రాకు.

ఇది చదివే మిగతావాళ్లకు ఒక మాట. లేబుల్ లేని డబ్బాల్లో తెల్లబరిచే క్రీములు అమ్మేవాళ్లు తిరుగుతుంటారు. అలాంటి కొన్నిట్లో పాదరసం ఉంటుంది. 2023లో కేరళ మలప్పురం జిల్లాలో కొందరికి మూత్రపిండాల జబ్బు వస్తే, కారణం వెతుక్కుంటూ పోయిన డాక్టర్లకు దొరికింది ఫెయిర్‌నెస్ క్రీములే. ఇంట్లో చేసినదైనా, కొన్నదైనా, పదిహేను రోజుల్లో ముఖం రంగు మారిందంటే అందులో ఏముందో అడగాలి. నా బామ్ వాడితే మీ రంగు మీ రంగే. పగుళ్లు పోతాయి.

ప్రశ్న: నమస్తే మేడం. జడ్చర్ల దగ్గర ఆటో నడుపుతా. కుడి బుగ్గ, కుడి చెయ్యి బాగా నల్లబడ్డాయి. కొబ్బరి నూనెలో జింక్ పౌడర్ కలిపి ఎండ క్రీం చేసుకోవచ్చని విన్నాను. ఎన్ని గ్రాములు వేయాలి?

జవాబు: ఎన్ని గ్రాములు వేసినా లాభం లేదన్నా. జింక్ ఆక్సైడ్ ఎండను ఆపే మాట నిజమే. కానీ చేత్తో కలిపితే అది ఉండలు కడుతుంది. ఉండ ఉన్న చోట తెల్లగా, లేని చోట ఎండ నేరుగా. ఎంత ఆపుతోందో ఇంట్లో కొలిచే దారి కూడా లేదు. ఎస్‌పీఎఫ్ 30 (ఎండను ఎంత ఆపుతుందో చెప్పే అంకె) అని రాసి ఉన్నది కొనుక్కో, రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. అంత ఖర్చు ప్రతి నెలా ఎందుకనిపిస్తే పొడుగు చేతుల చొక్కా, మెడ నుంచి చెవి దాకా చుట్టిన తువ్వాల. మన పొలాల్లో ఆడవాళ్లు పత్తి ఏరేటప్పుడు చొక్కా తొడుక్కుని తలకు గుడ్డ చుట్టేది ఊరికే కాదు.

ప్రశ్న: మా మహిళా సంఘంలో పదిమందిమి కలిసి సహజ క్రీం చేసి సంతల్లో అమ్ముదామనుకుంటున్నాం. పెట్టుబడి ఎంత అవుతుంది? (చౌటుప్పల్)

జవాబు: పెట్టుబడి కంటే ముందు లైసెన్స్. చుట్టాలకు ఇచ్చుకుంటే మీ ఇష్టం. అమ్మడానికి క్రీం తయారు చేస్తే అది సౌందర్య సాధనం కిందికి వస్తుంది. 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగం నుంచి తయారీ లైసెన్స్ ఉండాలి. మూలికలతో చేశాం, నూనె మైనమే వేశాం అంటే మినహాయింపు రాదు. డబ్బా మీద ఏమేం వేశారో, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎప్పటిదాకా వాడొచ్చో, లైసెన్స్ నంబరు ఉండాలి. లైసెన్స్ ఉన్న యూనిట్‌లో మీ సరుకు చేయించుకునే పద్ధతీ ఉంది, దాన్ని లోన్ లైసెన్స్ అంటారు. పదిమంది ఉన్నారు కాబట్టి ముందు ఆ దారి విచారించండి. ఎవరి వంటింట్లోనో చేసి సంతలో పెడితే, నా సూర్యాపేట గడ్డం లాంటిది మొలిచినప్పుడు పోలీసు స్టేషన్ మెట్లు ఎక్కేది మీ సంఘం అధ్యక్షురాలే.

ప్రశ్న: మాది బత్తాయి తోట. రాలిన కాయల తొక్కలు ఎండబెట్టి పొడి చేసి మీ లాంటి క్రీములో కలిపితే? (చండూరు)

జవాబు: వద్దు. పొడి నూనెలో కరగదు, అడుగున ఇసుకలా కూర్చుంటుంది. సరిగా ఎండకపోతే తడినీ, బూజునూ అదే మోసుకొస్తుంది. పైగా తొక్క మీద మీరు కొట్టిన మందు ఉంటుంది, అది నాకంటే మీకే బాగా తెలుసు.

ప్రశ్న: టీచర్, నేను ఎనిమిదో తరగతి, వనపర్తి. పెదాలు పగిలితే వాజిలిన్ రాసుకుంటాను. అది పెట్రోల్ నుంచి చేస్తారని, రాయొద్దని మా అమ్మ తిడుతోంది. నిజమేనా?

జవాబు: సగం నిజం బాబూ. పెట్రోల్ నుంచి కాదు, పెట్రోలు వచ్చే ముడి చమురు నుంచి. రాబర్ట్ చీజ్‌బ్రో అనే అమెరికా కెమిస్టు అక్కడి చమురు బావుల దగ్గర పనివాళ్లు పంపు కడ్డీలకు పట్టే జిగటను కాలిన గాయాలకు రాసుకోవడం చూశాడు. దాన్ని శుద్ధి చేసి 1872లో పేటెంట్ తీసుకున్నాడు. బాగా శుద్ధి చేసినది పెదాలకు రాసుకోవచ్చు. నా మైనం బామ్ చేసే పనే ఇదీ చేస్తుంది, ఉన్న తడిని పోనివ్వదు.

అమ్మతో వాదన పెట్టుకోకు. ఈ పేజీ చదివి అమ్మే మైనం కాస్తుందేమో. కాస్తే నువ్వొక సాయం చెయ్యి. గిన్నె వేడిగా ఉండగానే పాత పేపరుతో శుభ్రంగా తుడిచి, ఆ తర్వాతే కడగడానికి ఇవ్వు. చల్లారాక నీళ్లు పోసి కడిగితే మైనం సింకు గొట్టంలో గడ్డకట్టి కూర్చుంటుంది. మా ఇంట్లో ప్లంబర్ గొట్టం విప్పి, "ఏం పోశారమ్మా ఇందులో" అని అడిగితే, సైన్స్ టీచరునని చెప్పలేదు.